రెండు రోజుల్లో యూరప్, వయా కాకినాడ

మా మేనల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి అటే రైలెక్కి, ప్రాగో పారిసో చూసేసి ఆదివారం రాత్రికి ఇల్లు చేరతాడు. ఎందుకెళ్ళావురా అంటే "ఊరికే మావయ్యా" అంటాడు. ఈ ఊరికే వెళ్ళడమన్నది మా సామర్లకోటలో ఇంకా మొదలవలేదు. మేం గడప దాటాలంటే పెళ్ళో, పుట్టువెంట్రుకలో, కనీసం ఓ ఆస్పత్రో ఉండాలి. ఏ కారణమూ లేకుండా సంచి పట్టుకుని స్టేషన్లో నిలబడితే "అంతా కులాసాయేనాండీ?" అని పరామర్శకొస్తారు.

ఆ స్టేషన్ వల్ల మాకు పేరొచ్చింది గానీ చుట్టాలు రాలేదు. లోకమంతా సామర్లకోట జంక్షన్లో దిగుతుంది, దిగి కాకినాడ పోతుంది. చాళుక్య భీముడు వెయ్యేళ్ళ కిందట కట్టించిన కుమారారామం ఇక్కడే ఉంది. పద్నాలుగడుగుల శివలింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, అభిషేకం చెయ్యాలంటే మేడెక్కాలి. ఇదే యూరప్‌లో ఉంటే మేడకో టికెట్టు, కిందకో టికెట్టు పెట్టేవారు. మాకు మాత్రం కార్తీకమాసంలో, పంచారామాల బస్సు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. మేనల్లుడు రెండు రోజుల్లో ఒక్క నగరం చూసి గొప్పలు పోతాడా, ఆ బస్సులో బామ్మలు ఒక్కరోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూసేసి, ఉపవాసంతో, మళ్ళీ పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తారు.

సరే, వాడికి యూరపే కావాలి గనక నేనూ రెండు రోజుల కార్యక్రమం రాశాను. వీసా అక్కర్లేదు. మనం వెళ్ళకముందే యూరప్‌వాళ్ళు మన జిల్లాకి వచ్చి పోయారు.

శనివారం పొద్దున్న పెసరట్టు తిని చందుర్తి. పిఠాపురం దాటాక గొల్లప్రోలు దగ్గర. 1758 డిసెంబర్లో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఇక్కడ కొట్టుకున్నారు. క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు ఒకవైపు, పక్కనే విజయనగరం రాజుగారు. అవతల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి దొర. ఓడిన దొర గుర్రమెక్కి రాజమండ్రిదాకా ఆగలేదట. ఇప్పటి పాసింజరు ఇన్నిసార్లు ఆగుతుంటే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. చూడటానికేముందీ అంటారా? పొలాలు. వాటర్లూలోనూ పొలాలే, అక్కడికి డబ్బిచ్చి మరీ వెళ్తారు.

మధ్యాహ్నం కాకినాడ జగన్నాథపురం. 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టేదాకా అక్కడ డచ్చివాళ్ళుండేవారు. కాజాలు కొనుక్కోవడానికి వెళ్ళామని మా ఆవిడా, హాలెండు చూడటానికి వెళ్ళామని నేనూ చెప్పుకోవచ్చు.

ఆదివారం మొత్తం యానానికే. మా ఊరినుంచి యాభై కిలోమీటర్లుండదు. చుట్టూ ఆంధ్రదేశం, మధ్యలో ముప్పై చదరపు కిలోమీటర్ల ఫ్రాన్సు. 1954 నవంబర్ 1న భారత్‌లో కలిసింది, కాగితాలు పక్కాగా కుదిరేసరికి 1962 ఆగస్టు అయింది. అందుకే ఇప్పటికీ గోదారొడ్డున ఉంటూ పుదుచ్చేరి మాట వింటుంది. ఫ్రెంచివాళ్ళ కాలపు చర్చి ఉంది. పారిస్‌ది చూసి కట్టిన టవరుంది. అసలుది 330 మీటర్లు, మనది దాని నడుముదాకా కూడా రాదు. కానీ అక్కడినుంచి గౌతమి కనబడుతుంది, అసలుదానిమీంచి కనబడదు.

డెస్టినేషన్ వెడ్డింగంటూ ఇవాళ ఇటలీ పోతున్నారు గానీ, మన పెద్దలకిది కొత్తేం కాదు. ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదని శారదా చట్టం 1930 ఏప్రిల్లో అమల్లోకొచ్చింది. ఆ చట్టం ఇంగ్లీషువాడిది, యానాం ఫ్రెంచివాడిది. ఇంకేం, బళ్ళు కట్టుకుని, చంకలో పెళ్ళికూతుర్నేసుకుని, మేళాలతో సహా సరిహద్దు దాటి మూడు ముళ్ళూ వేయించుకొచ్చారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న దేశాన్ని మనవాళ్ళు వాడుకున్నది ఇందుకు. నవ్వొచ్చే మాటే, ఆ పిల్లల్ని తలుచుకుంటే నవ్వాగిపోతుంది.

కార్యక్రమం అంతా బావుంది, ఒక్కటే చిక్కు. యానాంలో మందు చవక. ఈ జిల్లాలో ఏ మగాడైనా యానాం వెళ్తున్నాననగానే మిగతా వాక్యం ఎవరూ వినరు. మొన్న పక్కింటాయన గేటు దగ్గర ఆపి "ఎక్కడికండీ ఆదివారం?" అన్నాడు.

"యానామండీ. పాత చర్చి చూద్దామని."

"ఆయ్," అని అటూ ఇటూ చూసి, జేబులోంచి ఐదువందల నోటు తీశాడు. "నాక్కూడా ఓ చర్చి తెండి."