పదిహేడో పేజీ

మా ఇంట్లో పుస్తకాలు ఆరువందల పైచిలుకు. అందులో చదివినవి ఎన్ని అని అడక్కండి. అడిగే మనిషి మా గుమ్మం తొక్కేదాకా ఆ లెక్క నేనూ వేసుకోలేదు.

ముందు నేరం ఒప్పుకుంటాను. 1996లో పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు మామగారు కాఫీ గ్లాసు చేతికిస్తూ, "తీరికవేళల్లో ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగారు. పేకాట, మ్యాట్నీ, నిద్ర. ఇదీ నిజమైన జవాబు. కానీ అమ్మాయి తలుపు వార నిలబడి వింటోంది. "పుస్తకాలు చదువుతానండీ" అన్నాను. అక్కడితో వదిలేస్తే ఆయన మామగారెందుకవుతారు? "ఈమధ్య ఏం చదివావు?" అన్నారు. నేను విన్న పేర్లన్నిటిలోకీ లావుపాటి పుస్తకం నోటికొచ్చింది. "వేయిపడగలండీ." ఆయన నన్ను మరోసారి కింద నుంచి పైదాకా చూసి, "ఇంకో రెండు జంతికలు పట్రా" అని లోపలికి కేకేశారు. సంబంధం ఆ జంతికల దగ్గరే ఖాయమైంది.

విశ్వనాథ సత్యనారాయణగారు ఆ నవలని 1934లో 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. పెళ్ళయి 29 ఏళ్ళు దాటినా నేను చదవలేదు. రోజుకొక ఏడాది చొప్పున గడువిచ్చినా అందుకోలేకపోయాను.

అబద్ధమాడాక దానికి తగ్గ సరంజామా ఉండాలి కదా. అందుకని కొనడం మొదలుపెట్టాను. మాది విజయవాడ. పుస్తకాలు కొనకుండా ఉండటానికి వీల్లేని ఊరు. ఏలూరు రోడ్డు మీద నడిస్తే కొత్తవి, లెనిన్ సెంటర్ దగ్గర ఆగితే పాతవి, జనవరి వస్తే పుస్తకాల పండగ. 1989లో మొదలైన ఆ పండగకి నేను పోయినన్నిసార్లు దుర్గ గుడి మెట్లెక్కి ఉండను. పది శాతం తగ్గింపు అన్న బోర్డు చూస్తే, కొనకపోతే ఆ పది శాతం నా జేబులోంచి పోతున్నట్టే ఉండేది.

కొన్న ప్రతిసారీ నేను కొత్త మనిషినైపోయేవాణ్ణి. కవిత్వం కొన్న నెల గడ్డం పెంచాను. తత్త్వశాస్త్రం కొన్న నెల, కూరలో ఉప్పెక్కువైందని మా ఆవిడ తనే ఒప్పుకుంటే, "ఎక్కువ అంటే ఏమిటి?" అని అడిగి రెండు రోజులు హోటల్లో తిన్నాను. ఆధ్యాత్మికం కొన్న నెల తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టాను. దానికి ఇంటిల్లిపాదీ లేచేవారు, నేను తప్ప. పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ' మా ఇంట్లో మూడు కాపీలున్నాయి. మొదటిది ఉన్న సంగతి మరిచి రెండోది, రెండూ ఉన్నాయని మరిచి మూడోది కొన్నాను. మూడూ చదవలేదు కాబట్టి మూడింటికీ సమన్యాయం జరిగింది.

కొన్నవాటిని ఇంట్లోకి చేర్చడం ఇంకో విద్య. స్కూటర్ డిక్కీలో దాచి, మా ఆవిడ గుడికెళ్ళిన శనివారం సాయంత్రం ఒక్కోటీ అరలోకి ఎక్కించేవాణ్ణి. ఎప్పుడైనా దొరికిపోతే "ఇది పాతదే" అనేవాణ్ణి. "నేను చీర దాచుకుంటే కనీసం పెళ్ళికైనా కట్టుకుంటాను" అని ఆవిడ ఒకే ఒక్కసారి అంది. దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది పెన్సిలు సంగతి. తెరిచిన ప్రతి పుస్తకంలోనూ మొదటి పదిహేడు పేజీల్లో గీతలు గీస్తాను. అక్కడక్కడ పక్కన "నిజమే!" అని, ఇంకో చోట "అంగీకరించను" అని రాస్తాను. పదిహేడే ఎందుకంటే చెప్పలేను. సరిగ్గా అక్కడికొచ్చేసరికి కాఫీ చల్లారుతుందో, ఫోన్ మోగుతుందో, కునుకే పడుతుందో. తెరిచిన పుస్తకాల్లో అంగీకరించనివన్నీ పదిహేడో పేజీలోపే తేల్చేసిన మహా విమర్శకుణ్ణి నేను.

ఇలా సాఫీగా సాగిపోతుండగా మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయింది.

ముందు కుడి కన్ను, నెల తిరిగాక ఎడమ కన్ను. తలస్నానం చెయ్యకూడదు, వంగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. రోజుకి నాలుగుసార్లు చుక్కలు. కొత్త కళ్ళజోడు వచ్చేదాకా సన్న అక్షరాలు కనబడవు. ఆవిడేమో తణుకు పక్క పల్లెలో, వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, కుట్టి, బైండు చేయించి దాచుకున్న తరం మనిషి. అక్షరం లేకపోతే అన్నం సహించదు. మూడో రోజు నల్ల కళ్ళజోడు సర్దుకుని, "బాబూ, అరనిండా పుస్తకాలున్నాయట కదా. మీరన్నీ చదివినవారు. ఏదైనా మంచిది చూసి నాకు చదివి పెట్టండి" అన్నారు.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. ఆ చూపులో దయాదాక్షిణ్యాలు లేవు.

తెలిసిన దారిలోనే పోదామని 'మహాప్రస్థానం' తీశాను. 1950లో వచ్చిన ఆ పుస్తకానికి చలం రాసిన యోగ్యతాపత్రం గురించి నలుగురిలో మాట్లాడటం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పత్రమూ సాంతం చదివినవాణ్ణి కాను. కాలేజీ రోజుల్లో వేదికెక్కి అరిచిన గొంతు గుర్తుచేసుకుని, లేచి నిలబడి, చెయ్యెత్తి మొదలుపెట్టాను. రెండో కవిత సగంలో కింద వాటా ఆయన పరుగున వచ్చి, "ఏమైందండీ, ఎవరితో గొడవ?" అన్నాడు. అత్తగారు నెమ్మదిగా, "పోయింది కన్నే బాబూ, చెవులు బాగానే ఉన్నాయి" అన్నారు.

మర్నాడు తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' తీశాను, ఈసారి కూర్చుని. పుస్తకం తెరవగానే బైండు 'టప్' మంది. అత్తగారి తల ఇటు తిరిగింది. "కొత్తదా?" "అబ్బే, ఎప్పుడో కొన్నదండీ." "కొన్నది ఎప్పుడో అయ్యుండొచ్చు. తెరిచింది ఇప్పుడే" అన్నారు. సీరియళ్ళు బైండు చేయించిన చెవులు మరి! కళ్ళకి గంతలున్నప్పుడు దొరికిపోనని ధీమాగా ఉన్నవాణ్ణి, చప్పుడుకి దొరికిపోయాను. ఆ రోజు నుంచి, ఆవిడ నిద్రలేవకముందే ఆనాటి పుస్తకాన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి, ముందూ వెనకా విరిచి, చప్పుళ్ళన్నీ వదిలించి తెచ్చేవాణ్ణి. చదవడం కన్నా ఆ పని హాయిగా ఉండేది.

తిలక్ మాత్రం ఆవిడకి నచ్చాడు. "మా తణుకు వైపు ఆయనే" అన్నారు. ఆ కవి 1966లో పోయాడనీ, పుస్తకం 1968లో వచ్చిందనీ ముందుమాటలు చూసి చెప్పాను. "అయితే దీన్ని చూసుకోకుండానే పోయాడన్నమాట" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇందాక చదివింది మళ్ళీ చదవండి. గబగబా చదివేశారు" అన్నారు. మళ్ళీ చదివాను. ఒక కవితని రెండోసారి చదవడం నా జీవితంలో అదే మొదలు. మొదటిసారి లేనిది రెండోసారి ఎక్కణ్ణుంచో వచ్చి కూర్చుంది. ఆ మాట పైకి చెప్పలేదు. చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు.

తత్త్వం జోలికి పోకుండా ఉండాల్సింది. నండూరి రామమోహనరావుగారి 'విశ్వదర్శనం', పాశ్చాత్య తత్త్వచింతన భాగం, కంప్యూటర్ కింద ఎత్తు కోసం పెట్టి ఉంది. అది లాగితే తెర మెడకిందికి దిగిపోయింది. గ్రీకుల దగ్గర థేలీస్ పేరు రాగానే నాకు ఉత్సాహం వచ్చింది. ఆయన గురించిన ఒక్క కథ మాత్రం నాకు తెలుసు. సర్వానికీ మూలం నీరే అన్న ఆ మహానుభావుడు చుక్కల్ని చూస్తూ నడుస్తూ బావిలో పడ్డాడనీ, అది చూసి థ్రేస్ దేశపు పనిపిల్ల ఒకతి, కాళ్ళ ముందున్నది కనబడదు గానీ ఆకాశంలో ఉన్నది కావాలట అని నవ్విందనీ ప్లేటో చెప్పిన కథ. రక్తి కట్టించి చెప్పాను. అత్తగారు అంతా విని, "ఆ పనిపిల్ల పేరేమిటి?" అన్నారు. పేరు లేదన్నాను. "అదీ సంగతి. పడినాయన పేరు రాశారు. తాడేసి పైకి లాగింది మాత్రం ఆ పిల్లే అయ్యుంటుంది" అన్నారు. వంటింట్లో గరిట ఆగింది. మా ఆవిడ ఆ పూట నాకు రెండోసారి పప్పు వడ్డించలేదు.

ఆధ్యాత్మికం ఇంకా తొందరగా బెడిసికొట్టింది. సూరి నాగమ్మగారి 'శ్రీ రమణాశ్రమ లేఖలు' తీశాను. అరుణాచలంలో ఉంటూ 1945 నుంచి అన్నగారికి ఆవిడ రాసిన ఉత్తరాలు. వేదాంతం ఉంటుందనుకుంటే ఆవులు, కోతులు, వచ్చేపోయేవాళ్ళు, భోజనాలు. పక్కింటి పిన్నిగారు మెట్ల మీద కూర్చుని చెబుతున్నట్టుంది. అత్తగారు వెంటనే అందులో పడిపోయారు. ఆ మాటా ఈ మాటా మధ్య, మహర్షి ఆశ్రమం వంటింట్లో స్వయంగా కూరలు తరిగేవారన్న సంగతి వచ్చింది. నేను గొంతు తగ్గించి దాటేయబోయాను. "ఏదీ, ఆ ముక్క గట్టిగా చదవండి" అంది మా ఆవిడ, గుమ్మంలో గోరుచిక్కుళ్ళ పళ్ళెంతో. ఆ రోజు నుంచి మా ఇంట్లో గోరుచిక్కుళ్ళు నావే. పీచు తీయడంలో ఇప్పుడు నాకు మంచి పేరుంది.

అసలు పతనం మాయలు, మంత్రాల దగ్గర మొదలైంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' లెనిన్ సెంటర్లో కొన్నాను, "మనవలు పుడితే పనికొస్తాయి" అన్న సాకుతో. మేధావులు చదివేవి కావని వాటిని కింది అరలో, చెప్పుల పెట్టె వెనక ఉంచాను. పెన్సిలు గీతలకి కూడా అవి నోచుకోలేదు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడు కోసం గోపుడనే పశువుల కుర్రాణ్ణి అడిగితే, మజిలీ మజిలీకీ కథ చెబితేనే వస్తానంటాడు వాడు. అలా పన్నెండు భాగాలు. నేను మణిసిద్ధుణ్ణి, అత్తగారు గోపుడు. భాష గ్రాంథికం. మొదట్లో ఏ సంధి దగ్గర ఊపిరి తీసుకోవాలో తెలియక రెండుసార్లు పొలమారింది. మూడో రోజుకి దారి దొరికింది. కథలోంచి కథ, దాని కడుపులోంచి ఇంకో కథ. రాజకుమారుడు ఎవరి మేడ దగ్గరో ఆగిపోయి ఉండగా రాత్రి పది కొట్టేది. "చుక్కలు వేసుకోవాలి, మిగతాది రేపు" అనేది మా ఆవిడ.

ఆ 'రేపు' నాకు పట్టేది కాదు. ఒక రాత్రి పన్నెండున్నరకి లేచి, దుప్పటి ముసుగులో ఫోన్ లైటు వేసుకుని ఆ రాజకుమారుడి సంగతేమిటో చూశాను. యాభై ఏడేళ్ళ మనిషిని, రక్తపోటు మాత్ర వేసుకునేవాణ్ణి, మిఠాయి డబ్బాలో చెయ్యి పెట్టిన కుర్రాడిలా దొరికిపోయాను. మా ఆవిడ ముసుగు తీసి, ఫోన్‌లో ఏదో చూడరానిది చూస్తున్నాననుకుని ముందు కంగారుపడి, పుస్తకం చూసి ఇంకా కంగారుపడింది. "ఒంట్లో బాగానే ఉందా?" అంది. మర్నాడు చదువుతుంటే అత్తగారు, "నిన్నటికన్నా తడుముకోవడం తగ్గింది. ముందే చదివేశారు కదూ?" అన్నారు. ఈ మనిషికి కళ్ళతో పనేమిటో నాకర్థం కాలేదు. ఆ రాత్రి చూసుకుంటే నేను నూట నలభై రెండో పేజీలో ఉన్నాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. కానీ ఏమని చెప్పుకోను?

ఎడమ కన్ను ఆపరేషన్ కూడా అయ్యాక, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' తీశాను. 1891లో పొలమూరులో పుట్టిన మనిషి కథ. వేదం, సంస్కృతం తప్ప మిగతావి పనికిరావనుకునే ఇంట్లోంచి తెలుగు వచనం వైపు నడిచొచ్చాడు. పుస్తకం ముందుకు సాగలేదు, నావల్ల మాత్రం కాదు. నేనొక పేరా చదివితే అత్తగారు మూడు పేరాలు చెప్పేవారు. అందులో ఎవరింటి అరుగు వస్తే ఈవిడ పుట్టింటి అరుగు వచ్చేది. ఎవరో వడ్డిస్తే, వాళ్ళ నాయనమ్మ మడి కట్టుకుని కవ్వంతో చిలికిన మజ్జిగ వచ్చేది. అయిదు రోజుల్లో ఎనిమిది పేజీలు. ఆరో రోజు మా ఆవిడ కూడా పని ఆపి వచ్చి కూర్చుంది. వాళ్ళమ్మ పదో తరగతితో చదువు మానేసి, చదువుకున్న పుస్తకాలన్నీ చెల్లెలికిచ్చేసి ఏడ్చిందని తనకీ అప్పుడే తెలిసింది. పుస్తకం నా ఒళ్ళో తెరిచే ఉంది. నేను పేజీ తిప్పలేదు.

ఆ ఊపులోనే అత్తగారు మా పెళ్ళిచూపుల దగ్గరికి వచ్చేశారు. నేను పుస్తకం మూసి నీళ్ళ కోసం లేచాను. "కూర్చోండి బాబూ. మీరు వేయిపడగలు చదివారన్నారు చూడండి, ఆ మర్నాడే ఆయన తణుకు వెళ్ళి లైబ్రరీలో అది తెచ్చారు. అల్లుడు రేపు దాని గురించి మాట్లాడితే తెల్లమొహం వేయకూడదని. నలభై పేజీలయ్యాక, ఇహ నావల్ల కాదే అని తిరిగిచ్చేశారు. అప్పట్నుంచీ మీరొచ్చినప్పుడల్లా పుస్తకాల మాట ఎత్తకుండా వర్షాలూ, ధాన్యం రేటూ మాట్లాడేవారు. మీరంటే భయం ఆయనకి."

మామగారు పోయి ఆరేళ్ళయింది. సంక్రాంతికి వెళ్ళిన ప్రతిసారీ, అరుగు మీద మేమిద్దరం ధాన్యం రేటు గురించి అంత శ్రద్ధగా ఎందుకు మాట్లాడుకునేవాళ్ళమో ఆ రోజు తెలిసింది. ఆయన పుస్తకం మాట ఎత్తకపోతే దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఆయనా అదే దేవుడికి పెట్టుకున్నారన్నమాట. లెక్క చూస్తే నాకన్నా నలభై పేజీలు ఎక్కువ చదివారు కూడా.

"నాకూ అదేమిటో వినాలని ఉంది. మన దగ్గరుందా?" అన్నారు అత్తగారు.

ఉంది. పై అరలో, అందరికీ కనబడేలా, మధ్యలో. దించి దుమ్ము దులిపాను. బాల్కనీకి తీసుకెళ్ళే వ్యవధి లేదు. ఊపిరి బిగబట్టి వీలైనంత మెల్లగా తెరిచాను. హాలంతా వినబడేలా 'టప్' మంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నల్ల కళ్ళజోడు సర్దుకున్నారు, ఏమీ అనలేదు.

"మొదట్నుంచీ చదవమంటారా అత్తయ్యగారూ?" అన్నాను.

"నాకోసం మళ్ళీ మొదలెట్టడం ఎందుకు బాబూ? మీరెక్కడ ఆపారో అక్కణ్ణుంచే కానివ్వండి."

మొదటి పేజీ తీశాను.