మెట్ల దాకా మోగేది నేనే

మాది వీరులపాడు. పాత లెక్కలో కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పత్తీ మిరపా పండే నేల. నేను డప్పుని. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, వేపచెక్క చట్రానికి చింతగింజల జిగురుతో అంటించి నన్ను ఎండలో పెట్టారు. తోలు ఆరేకొద్దీ బిగిసింది, గొంతొచ్చింది.

నన్ను వాయించే పెద్దాయన కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పడతాడు. పెళ్లికొక దరువు, చావుకొక దరువు, అమ్మవారి కొలుపుకి ఇంకొకటి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో ప్రభల ముందు మోగాను. ఊళ్లో ఎవరు పోయినా నన్ను పిలవందే పాడె లేవదు. ఆ ఇంటి గుమ్మం మాత్రం నేనెప్పుడూ దాటలేదు. వాయించినంతసేపూ వాకిట్లోనే.

ఇవన్నీ పాత కొలువులు. కొత్తగా వచ్చింది సన్మాన సభ. ముఖ్య అతిథి కారు దిగగానే ముందు వినపడాల్సింది నేనే. గజమాల రాకముందే, శాలువా విప్పకముందే నేను మోగాలి. అలా వెళ్లిన సభల్లో ఒకటి చెబుతాను. ఏ ఊళ్లో, ఎవరు పెట్టారో అడక్కండి, మళ్లీ పిలవాలి కదా!

ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో జానపద కళలకు పట్టాభిషేకం అని వేశారు. మబ్బు పట్టి తోలు మెత్తబడింది. పెద్దాయన వేదిక వెనక్కి వెళ్లి గుప్పెడు వరిగడ్డి అంటించి నన్ను మంట మీద తిప్పుతున్నాడు. తిప్పడం, వేలి కొసతో మీటి వినడం, మళ్లీ తిప్పడం. మంట ఎక్కువైతే పగులుతాను, తక్కువైతే పలకను. ఆ మధ్య సరిగ్గా ఎక్కడ ఆపాలో ఆయన వేలికే తెలుసు. ఇంతలో బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చాడు.

“ఏం తాతా, ఇక్కడా పొగ పెట్టేది? స్టేజీ మీద పెద్దోళ్లున్నారు!”

“కాచకపోతే పలకదు బాబూ.”

“ఎందుకులే. ఫైబర్ డప్పులవాళ్లు వస్తున్నారు. నువ్వు గేటు దగ్గర కానిచ్చెయ్.”

కానిచ్చాం. అతిథులను మెట్ల దాకా తీసుకెళ్లాం. మెట్ల దగ్గర చెయ్యెత్తి ఆపేశారు, ప్రార్థన గీతానికి అడ్డమట. ఆ తర్వాత జానపదం గొప్పదనం మీద మైకులో చాలాసేపు చెప్పారు. పెద్దాయన జనరేటర్ పక్కన నేల మీద కూర్చుని విన్నాడు. శాలువాలు సినిమావాళ్లకూ, కార్యక్రమానికి చందా ఇచ్చినవాళ్లకూ పడ్డాయి. వందన సమర్పణలో మా పేరు టెంటు హౌసు తర్వాత వచ్చింది.

ఇంటికొచ్చాక ఇదంతా విని మనవరాలు ఫోనులో ఒక ఫోటో చూపించింది. హాటీ మెక్‌డేనియల్ అనే అమెరికా నటి. 1940 ఫిబ్రవరి 29న, ‘గాన్ విత్ ద విండ్’లో పనిమనిషి పాత్రకు ఆస్కార్ అందుకుంది. నల్లజాతికి అదే మొదటి ఆస్కార్. ఆ అవార్డుల విందు జరిగిన హోటలు నల్లవాళ్లను లోపలికి రానిచ్చేది కాదు. నిర్మాత పూనుకుని అడిగితే రానిచ్చారు గానీ, తోటి నటుల బల్ల దగ్గర కాదు, గోడవారగా విడిగా వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

“బహుమతిచ్చి దూరంగా కూర్చోబెట్టారా? అయితే మనోళ్లేనే!” అన్నాడు పెద్దాయన.

1967లో నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ, తమ కళాకారుల కోసం ఇమేజ్ అవార్డులు మొదలుపెట్టింది. పెద్దింటి గడప దగ్గర ఎదురుచూడకుండా తమ పందిరి తామే వేసుకున్నారు. నాకది నచ్చింది.

మన దగ్గర అంత పందిరి ఇంకా లేవలేదు. గుంజలు మాత్రం అక్కడక్కడా పడుతున్నాయి. బుర్రకథ నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది. 2022లో కిన్నెర మొగులయ్యకీ, డోలు వాయించే సకిని రామచంద్రయ్యకీ, మా తిరువూరు వైపు గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కీ ఇచ్చారు. నాదస్వరం హసన్ సాహెబ్ అప్పటికే కన్నుమూశారు. 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకీ, బుర్రవీణ దాసరి కొండప్పకీ వచ్చింది. సంతోషం. కానీ పద్మశ్రీ అందుకున్న రెండేళ్లకే మొగులయ్య కూలిపనిలో కనపడ్డారని పత్రికలు రాశాయి. పతకంతో పొయ్యి వెలగదు. ఆ లెక్కన ఆంధ్రాలో డప్పు కళాకారులకిచ్చే 4000 రూపాయల నెల పింఛనే పెద్దాయనకు అసలైన అవార్డు. మందులు దానితోనే వస్తున్నాయి.

గద్దర్ సంగతి ఇంకా చిత్రం. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలో పాటకు నంది ఇస్తామంటే వద్దన్న మనిషి ఆయన. తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టి, 2025 జూన్ 14న హైదరాబాదులో మొదటిసారి ఇచ్చింది. గోచీ, గొంగడి, డప్పు మోతతో ఊళ్లు తిరిగిన పాటగాడి పేరు మీద తారలు బహుమతులు అందుకున్నారు. పేరు వేదికెక్కింది కదా అని కొంత గర్వపడ్డాను. ఆ పాటకు వంత మోగిన నా జాతి ఎక్కడ కూర్చుందో మాత్రం టీవీలో ఎంత చూసినా కనపడలేదు.

‘నాటు నాటు’కి 2023లో ఆస్కార్ వచ్చిన రోజు గూడెమంతా టీవీల ముందే ఉంది. తెలుగు పాట, నేలబారు అడుగు, దుమ్ము రేపే ఊపు. కానీ ఆ వేదిక మీద ఆ పాటకు ఆడినవాళ్లలో మన దేశపువాళ్లు లేరేమని అక్కడి దక్షిణాసియా కళాకారులే నిలదీశారు. హాటీ ఆస్కార్ అందుకున్న 83 ఏళ్ల తర్వాతా తగవు కుర్చీ దగ్గరే ఉంది.

ఆ తగవు లేని సభలూ నేను చూశాను. మా పక్క మండలం కంచికచర్లలో, 1968లో, దొంగతనం అంటగట్టి కోటేశు అనే దళిత కుర్రాణ్ణి సజీవంగా తగలబెట్టారు. ఆ ఊరి మట్టిలోంచే కలేకూరి ప్రసాద్ కవిగా లేచాడు. ఆయన పాట సాగిన సభల్లో మమ్మల్ని మెట్ల దగ్గర ఆపేవాళ్లు కాదు. పాటగాడూ డప్పూ ఒకే చాప మీద ఉండేవాళ్లం. మర్యాద ఎలా చెయ్యాలో తెలియక కాదు, ఎవరికి చెయ్యాలన్న దగ్గరే పేచీ.

ఈ ఏడు ఉగాదికి మీ ఊళ్లో కళాకారులకు సన్మానం పెడితే డప్పువాళ్లను తప్పకుండా పిలవండి. పిలిచాక నాలుగు మెట్లు ఎక్కనివ్వండి, కుర్చీ వేయండి, పేరడిగి మైకులో చెప్పండి. వెనక కాస్త గడ్డిమంట పెట్టుకోనివ్వండి. మాట్లాడుకున్న డబ్బులో మిగిలిన సగం, టెంటు విప్పేలోపే ఇచ్చెయ్యండి.