అయిదు మార్కుల ప్రశ్న

2000 నాటి మాట. ఆదోనిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు. లినక్స్ వేసిన గట్టి మిషన్ ఒక్కటే, మిగతావన్నీ పాత డబ్బాలు. ప్రోగ్రాం గట్టిదాంట్లో నడిచేది, దాని విండో మాత్రం నెట్‌వర్క్ మీదుగా వచ్చి పిల్లల తెరల మీద తెరుచుకునేది. 1984లో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ మొదలుపెట్టిన ఎక్స్ విండో సిస్టమ్ చలవ అది. డబ్బుల్లేని కాలేజీకి అంతకు మించిన వరం లేదని ఇప్పటికీ అంటాను.

ఎమ్మిగనూరు నుంచి వచ్చే పిల్లలకు సారు వాళ్ల ఊరి లెక్కలోనే చెప్పేవారు.

"మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సొసైటీ ఉంది కదా. ఏం నేయాలో సొసైటీ చెబుతుంది, నేసేది మీ ఇంటి మగ్గం. ఇక్కడా అంతే. ఏం గీయాలో ఆ మిషన్ చెబుతుంది, గీసేది మీ ముందున్న డబ్బా."

చిక్కల్లా అనుమతి దగ్గరే. వేరే మిషన్ నుంచి విండో రాబోతే తెర ఒప్పుకునేది కాదు. ఎవరికి వారికి కుకీ అనే రహస్య సంకేతం ఇచ్చే ఏర్పాటు ఎక్స్‌లోనే ఉంది, కానీ దానికి తీరిక కావాలి. పత్తి సీజన్లో మార్కెట్ యార్డు దారంతా ట్రాక్టర్లే. బస్సు చేరేసరికి సగం క్లాసు అయిపోయేది. అందుకే సారు అన్ని మిషన్లలోనూ, తన దాంట్లోనూ, "ఎక్స్‌హోస్ట్ ప్లస్" అని కొట్టారు. అంటే ఎవరైనా రావచ్చని. రోజూ కొట్టే పని లేకుండా లాగిన్ ఫైల్లోనే రాసిపెట్టారు. అలా వచ్చినవాళ్లు విండో తెరిచి ఊరుకోవాలనేం లేదు. అవతలి తెరను ఉన్నదున్నట్టు ఫొటో తీయొచ్చు, అక్కడ కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టుకోవచ్చు. సారుకు తెలియని సంగతి కాదు, పాఠంలో ఆయనే చెప్పారు.

యూనిట్ టెస్టులో చివరి ప్రశ్న కూడా అదే: "ఎక్స్‌హోస్ట్ ప్లస్ వల్ల కలిగే నష్టమేమిటి?"

అందరూ పేజీ నింపారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి అమ్మాయి నాలుగు ముక్కలే రాసింది.

"నష్టం ఇదే సార్. నిన్న సాయంత్రం మీరు ఈ పేపరు టైపు చేస్తుంటే నా మిషన్లో చూసినాను. అప్పుడు ఈ ప్రశ్నకు 10 మార్కులు. తర్వాత 5 చేసినారు."