గుమ్మం దాటాలంటే 65 డాలర్లు

కాస్ట్‌కో అనే గోదాము దుకాణం మన దేశంలో ఒక్కటి కూడా లేదు. అయినా దాని సభ్యత్వం ఈ ఏడు కట్టాలా, మానాలా అన్న విచారణ నెల్లూరు మైపాడు రోడ్డు పొడుగునా జరుగుతూనే ఉంది. కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో, కార్డు వాళ్ల జేబుల్లో. తీర్పు మాత్రం ఇందుకూరుపేట అరుగుల మీద.

మా బాబాయి రొయ్యల రైతు. రాత్రి గుంటల దగ్గర ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకొని వచ్చి కూర్చుంటే చాలు, ఫోను మోగుతుంది. ‘నాయనా, 65 డాలర్లది తీసుకోనా, 130 డాలర్లది తీసుకోనా?’ బాబాయికి ఈ ప్రశ్నే వింత.

‘కొట్లోకి పోనిచ్చేదానికే దుడ్లు కట్టాలంట అబ్బయా! లోపల ఏముందో చూడకముందే!’

‘సినిమాకి టికెట్టు కొనమా బాబాయ్?’

‘సినిమా అయితే బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి కట్టం గదా!’

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. 1976లో శాన్ డియాగోలో సోల్ ప్రైస్ అనే పెద్దమనిషి ప్రైస్ క్లబ్ తెరిచాడు. మొదట్లో చిన్న వ్యాపారులకే ప్రవేశం, ఏడాదికి 25 డాలర్లు. కాస్ట్‌కో 1983లో సియాటిల్‌లో మొదలై, పదేళ్లకు దానితో కలిసిపోయింది. సరుకు మీద 14, 15 శాతానికి మించి లాభం వేసుకోకూడదని ఈ కంపెనీ నియమం. వినగానే ధర్మసత్రం గుర్తొస్తుంది. కానీ 2024 ఆర్థిక సంవత్సరంలో దాని నికర లాభం సుమారు 737 కోట్ల డాలర్లు, ఒక్క సభ్యత్వ రుసుముల వసూలే 480 కోట్ల పైమాట. అంటే టిష్యూ కాగితాలూ బాదంపప్పూ అలంకారానికి పెట్టారన్నమాట. అసలు సరుకు గుమ్మమే. అమెరికా, కెనడాల్లో నూటికి 90 మందికి పైగా మళ్లీ మళ్లీ కట్టి ఆ గుమ్మం దాటుతున్నారు.

మన నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట షావుకార్లు ఈ రహస్యం తెలియక చెడిపోయారు. వాళ్లది తిరగేసిన పద్ధతి. సరుకు ముందు, డబ్బు పంట చేతికొచ్చాక. సభ్యత్వ కార్డు బదులు ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. చేరడానికి రుసుము లేదు, బయటపడటానికి మాత్రం రెండు పంటలు పట్టేది. పప్పు ధరలో వడ్డీ ఎంత కలిసిందో షావుకారుకీ దేవుడికీ తెలుసు. కాబట్టి పాతదంతా బంగారమని నేను ఏడవను.

ఇక 130 డాలర్ల కార్డు సంగతి. 2024 సెప్టెంబరులో ధరలు పెంచాక మామూలు కార్డు 65, పెద్ద కార్డు 130. పెద్ద కార్డు వాళ్లకు కొన్నదాని మీద 2 శాతం వెనక్కి వస్తుంది. అదనంగా కట్టిన 65 రాబట్టుకోవాలంటే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి, నెలకు సుమారు 270. బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, ఇంజనీరు. ఎక్సెల్ షీటు వేశాడు. మార్చికల్లా లెక్క వెనకబడిందని తేలితే ఏం చేయాలి? కొనడమే. 65 డాలర్లు రాబట్టడానికి 400 డాలర్లు ఖర్చుపెట్టే విద్య ఇంజనీరింగు చదివినవాళ్లకే పడుతుంది.

వాడి దగ్గర ఆరునెలలు ఉండి వచ్చిన పిన్ని చెప్పింది. ఇంట్లో మనుషులు ఇద్దరు, గ్యారేజీలో టిష్యూ చుట్టలు ఉమ్మడి కుటుంబానికి సరిపడా. కారు ఎండలో. అక్కడ ఒకటిన్నర డాలరు హాట్‌డాగ్ ధర 1985 నుంచి మారలేదని తమ్ముడు గొప్పగా చూపించాడట. అది గొడ్డు మాంసమని తెలిసి పిన్ని చీజ్ పిజ్జా ముక్కతో సరిపెట్టుకుంది.

2023 నుంచి అక్కడ బంగారం బిళ్లలూ అమ్ముతున్నారు. ఒక్కో బిళ్ల ఒక ఔన్సు, అంటే 31 గ్రాములు, మన నాలుగు సవర్లకు రవ్వంత తక్కువ. పెద్ద కార్డుంటే దాని మీదా 2 శాతం. అంతవరకూ ‘కార్డు దండగ’ అని వాదించిన పిన్ని ఆ సంగతి తెలిసిన రోజు నుంచి పక్షం మార్చింది. నెల్లూరు నగల కొట్టువాళ్లు తరుగు, మజూరీ అంటూ లాగేది తలుచుకుంటే ఆమెను తప్పుపట్టలేం.

కార్డులు పంచుకోవడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అదే చిరునామాలో ఉండే ఒకరికి రెండో కార్డు ఉచితమంటారు. ఒకే అపార్టుమెంటులో నలుగురు కుర్రాళ్లుంటే చిరునామా ఒకటే గదా అని మన లాజిక్కు. కంపెనీకీ లాజిక్కు ఉంది. 2024లో గుమ్మం దగ్గర స్కానర్లు పెట్టి ఫొటోలు చూడటం మొదలుపెట్టింది. మన దగ్గర మెట్రో క్యాష్ అండ్ క్యారీలో కార్డు ఉచితమే, కాకపోతే వ్యాపారులకే. దాంతో పెళ్లి సరుకులకు చిల్లర కొట్టు బంధువు ఎక్కడున్నాడా అని వెతకడం. ఆ కంపెనీ 2003లో బెంగళూరులో మొదలుపెట్టిన ఇండియా వ్యాపారాన్ని 2,850 కోట్ల రూపాయలకు రిలయన్స్ కొనేసింది. బంధువు ఆవశ్యకత మాత్రం తగ్గలేదు.

ఇంత చర్చలో బాబాయి నోరు మెదపనిది ఒక్క విషయంలోనే. కాస్ట్‌కో ఫ్రీజర్లలో ఇండియా రొయ్యలుంటాయి. మన తీరంలో పట్టుబడి అయిన వనామీ రొయ్య, కిలోకెన్ని అనే కౌంటు ప్రకారం వేరుపడి, మంచుగడ్డయి, సముద్రం దాటి, సభ్యులకు మాత్రమే దర్శనమిస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు కొనుగోలుదార్లు మన గట్టు మీదే రేటు కోశారు. ఫీడు ధర, కరెంటు బిల్లు, సీడు ధర దేని మీదా బాబాయికి 2 శాతం వెనక్కి రాదు. కౌంటు రేటు ఎంతో రైతును అడిగేవాడు లేడు. రుసుము కట్టకుండానే నష్టంలో మాత్రం శాశ్వత సభ్యుడు. పెంచినవాడు ఆ ఫ్రీజరు దాకా పోవాలంటే మళ్లీ 65 డాలర్లు.

ఇక తీర్పు. ఇంట్లో చిన్నపిల్లలుండి, పాలూ డైపర్లూ ఎడతెగక అయిపోతూ, దుకాణం దగ్గర్లోనే ఉండి, పెట్రోలు కూడా అక్కడే పోయించుకునేవాళ్లు 65 కట్టండి. షీటు చూసుకోకుండానే నెలకు 270 ఖర్చవుతుంటే 130 కట్టండి. ఒంటరి కుర్రాళ్లు కట్టొద్దు, పక్కింటి అన్నతో కలిసి వెళ్లండి. కట్టాక నచ్చకపోతే సభ్యత్వపు డబ్బు మొత్తం వెనక్కి ఇస్తామని కంపెనీయే రాసిపెట్టింది, అడగడానికి మొహమాటపడొద్దు. ఏ కార్డు తీసుకున్నా సరే, రొయ్యల ప్యాకెట్టు తిప్పి చూసి, ఇండియా అని ఉన్నదే కొనండి. ధర డాలరు ఎక్కువున్నా కొనండి.