పోగొట్టుకున్నోడి సంగతేంది?

మా రోజుల్లో పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో కొట్టంలోని దూడ మాయమైతే, స్టేషన్‌కు పోయేదానికి ముందే రచ్చబండ కాడ పంచాయతీ కూర్చునేది. దొంగ తేలినాక పెద్దమనుషులు మొదట అడిగేది, "దూడ యాడరా?" అని. దూడన్నా తోలుకురావాల, దాని వెలన్నా కట్టాల. ఆపైన గుడికి తప్పు కట్టాల. సొంతదారు "నాకు ముట్టింది" అన్నాకే జనం లేచేవాళ్ళు.

ఇప్పుడు మదనపల్లె కోర్టు కాడ ఒక పూట నిలబడి చూడండి. కేసు సర్కారుకూ ముద్దాయికీ మధ్య. సొమ్ము పోయినోడు వట్టి సాక్షి. పిలిస్తే బోనెక్కాల, లేకుంటే చెట్టు కింద కూర్చుని వాయిదా తేదీ రాసుకుని బస్సెక్కాల.

శిక్ష ఎందుకంటే లా పుస్తకాలు నాలుగు కారణాలు చెప్తాయి: చేసినదానికి అనుభవించడం, చూసినోళ్ళకు భయం పుట్టడం, దొంగను జనానికి దూరంగా పెట్టడం, వాణ్ణి మార్చడం. 1977లో మన రాష్ట్రం నుంచి పోయిన గియాసుద్దీన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ మనిషిని మార్చడమే ముఖ్యమని శిక్ష తగ్గించినారు. మంచిదే. అయితే ఆ నాలుగూ దొంగ చుట్టూ తిరిగేవే.

2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కాస్త మా కాలం వాసన తగిలింది. 5,000 రూపాయల లోపు దొంగతనం, మొదటి తప్పు, సొమ్ము తిరిగిచ్చేస్తే సమాజ సేవే శిక్ష. రెండు క్రేట్ల టమోటా ఎత్తుకుపోయిన పిల్లోణ్ణి జైలుకు తోలి, గట్టి దొంగల కాడ చదువు చెప్పించే పనిలేదు. కానీ ఎన్ని గంటలు? ఏం పని? పక్కనుండి చూసేదెవరు? సంహితలో రాయలేదు. మా ఊళ్ళో గుడిముందు ఊడవమంటే ఊరంతా కాపలానే.

అట్లని రచ్చబండను నెత్తిన పెట్టుకోమనను. కులం, చుట్టరికం చూసి తప్పు వేసిన పెద్దమనుషులను చూసినాను. లేనోడి వీపుమీదే దెబ్బలు పడేవి. మొన్న 2025 జూన్‌లో కుప్పం పక్క పల్లెలో మొగుడు తీసుకున్న అప్పు కోసం ఆడమనిషిని చెట్టుకు కట్టేసినారు. ఎవరికి వారు దండించేదానికి దిగితే ఇట్లే ఉంటుంది. కోర్టు ఉండాల్సిందే.

ఆ కోర్టు దొంగకేమి చేయాలో ఎంత ఆలోచిస్తాదో, పోగొట్టుకున్నోడికి ఏమి దక్కిందో అంత ఆలోచించాల. కేసులు నడిపే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 395వ సెక్షన్ కింద పరిహారం ఇప్పించే అధికారం దానికుంది. మీ కేసు తీర్పుకొచ్చినరోజు మొగమాటపడి మూల నిలబడొద్దండి. సర్కారు వకీలు పీపీ గారిని పట్టుకుని పరిహారం అడిగించండి.