మీ అర నక్షత్రానికో దండం!

మహారాజశ్రీ భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) అధ్యక్షుల వారి సముఖమునకు,

తెలుగు వినియోగదారులు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

కుశలం అన్నది మాట వరసకే లెండి. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తూ, దేశ రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి తినకపోవడమే కారణమని చెప్పింది. ఇంత జరుగుతుంటే మాకు పైనుంచి అందే ఉపదేశం ఒక్కటే: కొనేముందు లేబుల్ చదవండి, నోరు కట్టుకోండి. ఉపదేశం బంగారంలాంటిదే. కానీ దాన్ని దుకాణంలో పాటించే వీలు మా చేతిలో లేదు, తమరి చేతిలో ఉంది. ఈ ఉత్తరం ఆ సంగతి విన్నవించడానికే.

లేబుల్ చదవమన్నారు కదా, ఒకసారి చదువుదాం. ఏదో ఒక మామిడి పానీయం సీసా తీసుకోండి. ముందు వైపు రసాలూరే పండు, పచ్చటి ఆకు. వెనక్కి తిప్పితే భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాలు. పండ్ల పానీయం అనిపించుకోవడానికి పది శాతం పండ్ల రసం ఉంటే చాలని తమరి నిబంధనలే చెబుతున్నాయి. అంటే మిగిలిన తొంభై శాతం నీళ్లూ చక్కెరా అయినా బొమ్మలో మాత్రం పండు నిండుగా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. సరే, చక్కెర ఎంతో చూద్దామంటే అంకె 100 మిల్లీలీటర్లకు ఇస్తారు, సీసా ఏమో 250 మిల్లీలీటర్లు. వందకు పది గ్రాములనుకుంటే మొత్తం 25 గ్రాములని మనమే హెచ్చవేసుకోవాలి. అది రోజువారీ మోతాదులో ఎంత శాతమో కూడా వేస్తారు గానీ, ఆ శాతం కట్టడానికి తమరు పెట్టుకున్న కొలత రోజుకు 50 గ్రాముల చక్కెర. పోషకాహార సంస్థ వారు 25 గ్రాములు దాటవద్దంటున్నారు. ఒకే సీసా తమరి లెక్కలో సగం రోజు కోటా, తార్నాక వారి లెక్కలో పూర్తి కోటా! ఇదంతా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలట. తెలుగులో వేయడం కంపెనీ దయ. సరుకుల చీటీ ఒక చేత్తో, పిల్లాడి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని తిరిగే మనిషి ఈ గణితమంతా అల్మారా ముందు నిలబడి ఎలా చేస్తారో తమరే సెలవివ్వాలి.

నోరు అదుపులో పెట్టుకోలేనివాళ్లు లేబుళ్ల మీద పడి ఏడవడమెందుకని కొందరు పెద్దలు అడుగుతారు. నిగ్రహం అక్కర్లేదని ఎవరూ అనరు. ఇంట్లోనే చీటీ రాసుకుని, కడుపు నిండా తిని బజారుకు వెళితే చాలా చెత్త ఇంటికి రాదు. ఆ పని మేం చేయవలసిందే. అయితే దుకాణం మా నిగ్రహాన్ని పరీక్షించేలా సర్ది ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో బిల్లు కట్టే చోట చాక్లెట్లు సరిగ్గా పిల్లల చేతికందే ఎత్తులో ఉంటాయి. కిరాణా కొట్టు గుమ్మానికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు దండలుగా వేలాడతాయి. కందిపప్పు, పెసలు లోపలెక్కడో బస్తాల్లో ఉంటాయి. అయినా అసలు మోసపోయేది నోరు కట్టుకోలేనివాళ్లు కాదు, కట్టుకున్నవాళ్లు. చిప్స్ వద్దనుకుని ‘మల్టీగ్రెయిన్’ బిస్కెట్లూ, కూల్‌డ్రింకు వద్దనుకుని పండ్ల పానీయమూ బుట్టలో వేసుకునే మనిషి తమరి ఉపదేశాన్ని అక్షరాలా పాటించినట్లే. చక్కెర మాత్రం ఇంటికి వచ్చేస్తుంది.

దీనికి సాక్ష్యం తమరి ఫైళ్లలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాములే గ్లూకోజు. అంతకు ఎన్నో రెట్లు చక్కెర కలిపిన పానీయాలు పేరులో ‘ఓఆర్‌ఎస్’ తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. విరేచనాలతో వడలిపోయిన పిల్లలకు వాటిని కొని పట్టించిన తల్లులది జిహ్వచాపల్యమా? ప్యాకెట్టు ముఖం మీద ఉన్న మాటను నమ్మారు, అంతే. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో తమరు ఆ మాట పేర్లలో వాడకూడదని ఆదేశించారు. అందుకు కృతజ్ఞతలు. కొనేవాళ్లు నమ్మేది ముందు వైపునేనని తమరూ ఒప్పుకున్నట్లయింది.

ముందు వైపున గుర్తు ఎలా వేయించాలో తమరికి ఒకరు నేర్పనక్కర్లేదు. శాకాహారానికి పచ్చచుక్క ఉంది కదా! అక్షరం రానివారు కూడా దాన్ని చూసే కొంటున్నారు. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు మితిమీరిన ప్యాకెట్ల మీద ‘ఇది ఎక్కువ’ అని చెప్పే నల్లటి అష్టభుజి ముద్ర వేయించింది. పిల్లలకు ప్రకటనలనూ, బడుల్లో అమ్మకాలనూ దాంతోపాటే కట్టడి చేసింది. ఆ ముద్ర పడిన పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. మెక్సికో 2020లో అదే బాట పట్టింది. తమరు ముందు వైపు లేబుల్ కోసం తెచ్చిన 2022 ముసాయిదాలో ఎంచుకున్నది మాత్రం నక్షత్రాలు: మేలైనదానికి ఐదు, అధ్వానమైనదానికి అర. అన్ని సబ్జెక్టులూ తప్పిన కుర్రాడి ప్రోగ్రెస్ కార్డు మీద చిన్న మెచ్చుకోలు రాసి పంపినట్టుంది ఇది. పైగా చక్కెర తెచ్చిన చెడ్డ మార్కులను కాస్త పీచు, కాస్త ప్రొటీన్ కలిపి కడిగేసుకోవచ్చు. చక్కెర ఒంట్లో అలా కరిగిపోదు కదండీ. 2024-25 ఆర్థిక సర్వే కూడా ప్యాకెట్టు ముందు వైపు కఠినమైన లేబుల్ ఉండాలంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం మూడు నెలల్లో తేల్చమంటే, ఆ గడువూ పొడిగించుకోవలసి వచ్చింది.

ముద్ర వేస్తే మన ఆవకాయకూ, పూతరేకులకూ పడుతుందే అని బెంగపెట్టేవారున్నారు. పడనివ్వండి. ఆవకాయలో ఉప్పుందని తెలియని తెలుగువాడెవడు? దాన్ని ఆరోగ్య పానీయమని ఎవరూ గ్లాసుతో తాగరు, ముద్దకు నంజుకుంటారు. తెలిసిన సంగతినే ముద్ర చెబితే ఆవకాయకు పోయే పరువేమీ లేదు. ఇక చిన్న వ్యాపారులకు భారమంటారా, రేపరు ఎలాగూ అచ్చు వేయించాలి. పాతవి అయిపోయాక కొత్తది మొదలుపెట్టేలా గడువివ్వండి. పొగాకు డబ్బా మీద 85 శాతం మేర బొమ్మ వేసినా కాల్చేవాళ్లు కాలుస్తున్నారు కదా అనేవారూ ఉన్నారు. నిజమే. ముద్ర నిషేధం కాదు, కావాలనుకున్నవాళ్లు కొనుక్కోవచ్చు. కానీ నిషేధం ఉన్న చోటైనా ముద్ర ఉండాలి కదా! చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరినవి బడికి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లో నిబంధన పెట్టారు. అవి ఏవో ప్యాకెట్టు మీద గుర్తు లేనప్పుడు ఆ 50 మీటర్లలోని కొట్టువాడు దేన్ని తీసేయాలి, హెడ్మాస్టరు దేన్ని వద్దనాలి?

కనుక మనవి ఏమిటంటే, నక్షత్రాలను ఆకాశానికే వదిలేసి, ఏది ఎక్కువుందో ఆ మాట ప్యాకెట్టు ముందు వైపున, దూరం నుంచే కనపడేలా, తెలుగువారికి తెలుగులో వేయించండి. ఆ తర్వాత కూడా మేం బుట్ట నిండా అవే నింపుకుంటే, తెలిసి కొన్నాం గనక నిక్షేపంగా తిట్టండి, పడతాం. అప్పటిదాకా మాత్రం నిగ్రహం గురించి పాఠాలు చెప్పకండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
ప్యాకెట్టు ముందు వైపు మాత్రమే చదవగలిగిన అశేష వినియోగదారుల తరఫున,
తమ విధేయుడు