మైకుకు కాళ్లతో పనేముంది?

శివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరుని జాతరలో వాలంటీర్లకు చేతినిండా పనే. క్యూలు సర్దాలి, మంచినీళ్లు అందించాలి, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పిలవాలి. చక్రాల కుర్చీలోని కుర్రాడికి ఈ చివరి పని ఇట్టే వస్తుంది. గొంతుంటే చాలు. కానీ మైకున్న వేదికకు మెట్లే ఉంటాయి మరి!

విద్యార్థి వాలంటీర్ల కోసం 1969లో పుట్టిన జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ చేయాలి. సేవంటే పార, తట్ట, చీపురు. ఫొటోకు అవే బాగుంటాయి. దివ్యాంగ విద్యార్థిని దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న తప్పకుండా పిలుస్తారు, పండ్లు పుచ్చుకోవడానికి.

ప్రజా భవనాలన్నీ దివ్యాంగులకు అనువుగా మార్చేందుకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిబంధనలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్ల గడువిచ్చింది. అదీ 2022లో దాటిపోయింది. ర్యాంపు వేసిన చోట బైకులు మాత్రం హాయిగా ఎక్కుతున్నాయి.